నూట నలభై నాలుగో పాయింటు

పాలకొండ దగ్గరున్న ఒక మహిళా కళాశాల కబడ్డీ జట్టులో హైమావతి అనే అమ్మాయి ఉండేది. కూతకు వెళితే ఆమెకు ఎదురు లేదు గానీ, జట్టు పాయింట్ల కంటే తన పాయింట్లు లెక్కపెట్టుకోవడం మీదే ఆమెకు ధ్యాస ఎక్కువ.

ఆట అయిపోగానే మిగతా పిల్లలు "గెలిచామా?" అని గంతులేసేవారు. హైమ మాత్రం నేరుగా వ్యాయామ అధ్యాపకురాలు ఇందుమతి మేడమ్ దగ్గరకు వెళ్ళి, "మేడమ్, నాకెన్ని?" అని అడిగేది. ఒకసారి వాళ్ళ జట్టు ఎనిమిది పాయింట్ల తేడాతో ఓడిపోయింది. అందరూ ముఖాలు వేలాడేసుకుని కూర్చుంటే హైమ ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకుని తింది. ఆ రోజు ఆమెకు పదకొండు వచ్చాయి మరి. ఆ ఇడ్లీల సంగతి జట్టువాళ్ళు చాలా రోజులు మరచిపోలేదు.

ఆమెకు ఆ పిచ్చి ఊరికే పట్టలేదు. కళాశాలలో ఆట సామాన్ల గది బయట ఒక పచ్చ బోర్డు ఉండేది. దాని మీద తెల్ల రంగుతో రికార్డులు రాసి ఉండేవి. అన్నిటికన్నా పైన ఉన్న వరస ఇది: "ఒక ఏడాదిలో ఎక్కువ కూత పాయింట్లు, బెవర కనకమహాలక్ష్మి, 143." ఆ పేరు అక్కడికి ఎక్కి ఇరవై ఒక్క ఏళ్ళయింది. ఆవిడ ఎలా ఉంటుందో ఇప్పటి పిల్లలెవరికీ తెలియదు. అంకె మాత్రం అందరికీ నోటికి వచ్చు.

ఆ బోర్డుకి ఒక ఆనవాయితీ ఉంది. రికార్డు దాటిన అమ్మాయి తన చేత్తోనే పాత పేరు మీద పచ్చ రంగు పూయాలి. ఆ తర్వాతే పెయింటరు కొత్త పేరు రాస్తాడు. అంకె సమానమైతే లాభం లేదు, పాత పేరే ఉంటుంది. హైమ ఆ బోర్డు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఒక క్షణం ఆగేది. కుంచె పట్టుకున్నట్టు వేళ్ళు కదిపేది. స్నేహితురాళ్ళు చూసి నవ్వితే, "దోమను తోలానులేవే," అనేది.

బోర్డు మీద ఉన్నవన్నీ కూతకు వెళ్ళేవాళ్ళ లెక్కలే. పట్టేవాళ్ళ పేరు ఒక్కటీ ఉండేది కాదు. బోర్డు చేయించిన పెద్దమనిషికి ఆ సంగతి తోచనే లేదేమో. ఆ తర్వాత ఎవరూ అడగనూ లేదు.

పట్టేవాళ్ళలో తవిటమ్మ అని ఒక అమ్మాయి ఉండేది. కోర్టులో ఎడమ మూల ఆమెది. అవతలి జట్టు అమ్మాయి కూత పెడుతూ వస్తే తవిటమ్మ వంగి, అదను చూసి, చీలమండ దగ్గర పట్టేది. ఆ పట్టు ఒకసారి పడిందంటే మళ్ళీ ఊడేది కాదు. హైమకీ తవిటమ్మకీ హాస్టల్లో ఒకటే గది. హైమ చదువులో చురుకు. తవిటమ్మకు పుస్తకం తెరిస్తే నిద్ర వచ్చేది. పరీక్షల ముందు హైమే పాఠాలు చెప్పి గట్టెక్కించేది. అందుకని హైమ మాటంటే తవిటమ్మకు వేదం.

ఆ ఏడాది ఇద్దరికీ అదే ఆఖరు సంవత్సరం. తవిటమ్మ తల్లి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. ఆ పిక్కల జిడ్డుకు ఆమె వేళ్ళ చివర్లు నల్లబడి పొక్కిపోయి ఉండేవి. జూన్ నుంచి కూతురికీ అక్కడే ఒక పీట వేయిస్తానని మేస్త్రీ మాటిచ్చాడు. తవిటమ్మకు వేరే ఆశ ఉంది. కళాశాలల మధ్య జరిగే పోటీలో కప్పు గెలిచిన జట్టువాళ్ళకు ఒక సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతిలో ఉంటే క్రీడాకారుల కోటాలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణలో చేరవచ్చు. ఓడిన జట్టుకు ఆ కాగితం రాదు. జూన్‌లో తను పలాసకు వెళ్ళాలో, బడిపిల్లలకు ఆటలు నేర్పే చదువుకు వెళ్ళాలో ఆ కప్పే తేల్చాలి.

జట్టు బాగా ఆడింది. బొబ్బిలిలో జరిగే ఫైనల్ దాకా వచ్చింది. అప్పటికి హైమ పాయింట్లు నూట ముప్పై ఆరు. రికార్డు దాటాలంటే ఇంకా ఎనిమిది కావాలి. ఆ తర్వాత ఇంకో ఆట లేదు.

ఇక్కడ కబడ్డీలోని రెండు సంగతులు చెప్పాలి. అవతలి కోర్టులో వెనకగా బోనస్ గీత అని ఒకటి ఉంటుంది. కూతకు వెళ్ళిన అమ్మాయి ఒక కాలు గాల్లో ఉంచి, రెండో కాలితో ఆ గీత దాటి తొక్కితే, ఎవరినీ తాకకపోయినా ఒక పాయింటు వస్తుంది. అయితే అవతల కనీసం ఆరుగురు నిలబడి ఉండాలి. ఇది మొదటి సంగతి. రెండోది, మామూలు పాయింటు వస్తే, ఔటై బయట కూర్చున్న మన వాళ్ళలో ఒకరు లేచి ఆటలోకి వస్తారు. బోనస్ పాయింటుకు మాత్రం ఎవరూ లేవరు. అంకె పెరుగుతుంది, అంతే.

హైమకు ఈ రెండు సంగతులూ బాగా తెలుసు. తెలిసే ఆమె ఒక ఎత్తు వేసింది. ఫైనల్ రోజు పొద్దున్న ఉప్మా తింటూ తవిటమ్మ పక్కన చేరింది.

"తవిటీ, నీకో మాట చెప్తాను. కోప్పడకు."

"సెప్పు."

"ఆటలో మనం కొంచెం ముందుకెళ్ళాక నేను చెవి పట్టుకుంటాను. అది చూశావంటే పట్టడం ఆపీయే. మళ్ళీ నేను చెప్పేదాకా ఎవరినీ పట్టకు."

తవిటమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "పట్టకపోతే నానెందుకే అక్కడ?"

"నువ్వు పట్టినకొద్దీ వాళ్ళు తగ్గిపోతారు గదే. ఆరుగురు లేకపోతే నాకు బోనస్ ఎలగొస్తాది? రెండు మూడు కూతలు, అంతే. ఇరవై ఒక్క ఏళ్ళ రికార్డు, తవిటీ."

తవిటమ్మ ముద్దను పళ్ళెంలో పెట్టేసింది. "గెలుస్తామంటావా?"

"గెలవక ఎక్కడికి పోతాం? నీ సర్టిఫికెట్టుకు నాది పూచీ."

"అలగైతే సరే. నాకు లెక్కలు రావు. నువ్వెలగంటే అలగే," అని తవిటమ్మ ఉప్మా తినడం మొదలుపెట్టింది. హైమ కూడా తింది. ఇంకో చెంచాడు వేయించుకుంది.

ఫైనల్లో ఎదుటివాళ్ళు పార్వతీపురం అమ్మాయిలు. వాళ్ళలో ఝాన్సీ అనే పొడుగాటి అమ్మాయి కూతకు దిట్ట. అయినా మొదట్లో తవిటమ్మ ఉన్న మూల వైపు రావడానికి ఆమె కూడా జంకింది. ఆట చివరి నాలుగు నిమిషాలకు వచ్చేసరికి పాలకొండ జట్టు ఇరవై రెండు, పార్వతీపురం పద్దెనిమిది. కోర్టులో మనవాళ్ళు ఏడుగురూ ఉన్నారు. హైమ అప్పటికి అయిదు పాయింట్లు తెచ్చి నూట నలభై ఒకటి దగ్గర ఉంది. ఇంకా మూడు కావాలి.

నాలుగు పాయింట్ల ముందంజ చాలనుకుంది హైమ. తవిటమ్మ వైపు చూసి చెవి పట్టుకుంది.

ఝాన్సీ కూతకు వచ్చింది. ఎడమ మూలకు కాలు చాపింది. తవిటమ్మ వంగింది గానీ చెయ్యి చాపలేదు. ఝాన్సీ బోనస్ గీత తొక్కి, ఒకరిని తాకి, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. రెండు పాయింట్లు పోయాయి. హైమ వెళ్ళి బోనస్ తెచ్చింది. నూట నలభై రెండు. ఝాన్సీ మళ్ళీ వచ్చింది, మళ్ళీ రెండు పట్టుకుపోయింది. హైమ మళ్ళీ వెళ్ళి బోనస్ తెచ్చింది. నూట నలభై మూడు. ఆమెకు ఒళ్ళంతా తేలిపోయినట్టుంది. బయట కూర్చున్న ఇద్దరు పిల్లలు అలాగే కూర్చుని ఉన్నారన్న సంగతి ఆమె చూడలేదు.

"ఎడమ మూలకేమైంది?" అని ఇందుమతి మేడమ్ గీత బయట నుంచి గట్టిగా అడిగింది. తవిటమ్మ తల దించుకుంది. ఝాన్సీ మూడోసారి వచ్చి ఇంకొకరిని తాకి వెళ్ళింది.

ఇప్పుడు స్కోరు ఇరవై నాలుగు, ఇరవై మూడు. ఒక్క పాయింటే ముందంజ. కోర్టులో మనవాళ్ళు నలుగురే మిగిలారు. ఆట ఇంకా ఒక్క నిమిషమైనా లేదు. కూత హైమది.

ఇందుమతి మేడమ్ రెండు అరచేతులూ కిందికి ఆడించింది. ఊరికే వెళ్ళి, కాసేపు గడిపి, ఎవరి జోలికీ పోకుండా తిరిగి రమ్మని దాని అర్థం. అలా చేస్తే కప్పు చాలా వరకు చేతికొచ్చినట్టే. హైమ ఆ సైగ చూసింది. చూడనట్టు ముఖం తిప్పుకుని వెళ్ళింది. ఆమె కళ్ళకు బోనస్ గీత, దాని మీద నూట నలభై నాలుగు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఆమె గీత వైపు కాలు లేపింది. ఆ కాలు కింద పడకముందే ఇద్దరు అమ్మాయిలు చేతులు కలిపి ఆమె నడుము చుట్టేశారు. మరో ఇద్దరు మీద పడ్డారు. హైమ పాకుతూ వచ్చి మధ్య గీత వైపు చెయ్యి చాపింది. ఆ చెయ్యి గీతకు జానెడు దూరంలో ఆగిపోయింది.

స్కోరు సమానమైంది. హైమ లేచి, మట్టి దులుపుకుని, ఔటైన వాళ్ళు కూర్చునే చోట నాలుగో మనిషిగా కూర్చుంది. అక్కడున్న ముగ్గురూ జరిగి ఆమెకు చోటిచ్చారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అక్కడ నుంచి చూస్తే కోర్టు చాలా పెద్దదిగా ఉంది. అందులో ముగ్గురే ముగ్గురు. కుడివైపు ఒక చిన్న పిల్ల, మధ్యలో గిరిజ అనే అమ్మాయి, ఎడమ మూలన తవిటమ్మ. ఝాన్సీ వీళ్ళలో ఎవరి వేలు తాకినా చాలు, కప్పు వాళ్ళది. "నీ సర్టిఫికెట్టుకు నాది పూచీ," అని పొద్దున్న తనే అన్న మాట హైమ చెవిలో వినిపించింది. తవిటమ్మ తల్లి వేళ్ళు గుర్తొచ్చాయి. ఆ క్షణంలో ఎవరైనా వచ్చి నీ పాయింట్లెన్ని అని అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

ఝాన్సీ కూత అందుకుంది. తిన్నగా ఎడమ మూలకే వచ్చింది. మూడుసార్లు దారి ఇచ్చిన మూల అది, నాలుగోసారి ఎందుకు భయపడుతుంది?

తవిటమ్మ వంగింది. చేతులు మోకాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఆమె ఒక్కసారి పక్కకు తిరిగి హైమ కూర్చున్న వైపు చూసింది. అప్పుడు హైమకు అర్థమైంది. "మళ్ళీ నేను చెప్పేదాకా," అంది తను. ఇంకా చెప్పనే లేదు. ఆ పిచ్చిది మాట మీద నిలబడి, తన జీవితాన్ని చేతిలో పెట్టుకుని, ఈవిడగారి అనుమతి కోసం చూస్తోంది.

"పట్టు, తవిటీ, పట్టవే," అని హైమ గొంతు చించుకుని అరిచింది.

ఝాన్సీ కాలు చాపడం, తవిటమ్మ చేతులు ఆ చీలమండ మీద బిగుసుకోవడం ఒక్కసారే జరిగాయి. ఝాన్సీ గింజుకుంది. మధ్య గీత వైపు పాకింది. తవిటమ్మ బోర్లా పడి ఈడ్చుకుపోతోంది గానీ వదలలేదు. ఈలోగా గిరిజ వచ్చి నడుము పట్టింది. చిన్న పిల్ల ఎక్కడ పట్టాలో తెలియక ఝాన్సీ మీద కూర్చుంది. కూత తెగింది. అంపైరు ఈల వేశాడు.

కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువో ఉండి పట్టుకుంటే ఆ పట్టుకు రెండు పాయింట్లు. ఇరవై ఆరు, ఇరవై నాలుగు.

హైమ ఒళ్ళు తెలియక లేచి కోర్టులోకి దూకబోయింది. పక్కనున్న అమ్మాయి చొక్కా పట్టి వెనక్కి లాగింది. "కూచోవే తల్లీ. ముందు ఔటైనది లేస్తాది. నీ వంతు ఇంకా రాలేదు. గీత దాటావంటే ఇదీ పోతాది."

హైమ కూర్చుంది. వంతు లేకుండా, పాయింటు లేకుండా, ఉత్తినే కూర్చుని ఆట చూడటం ఆమెకు అదే మొదటిసారి. మిగిలిన ఏడెనిమిది సెకన్లలో గిరిజ కూతకు వెళ్ళి, ఎవరి జోలికీ పోకుండా బుద్ధిగా తిరిగి వచ్చింది. చివరి ఈల మోగింది.

అందరూ తవిటమ్మ మీద పడ్డారు. హైమ ఆ గుంపును తోసుకుంటూ వెళ్ళి ఆమెను కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏటే, గెలిచాం గదా," అంది తవిటమ్మ. ఆమె గడ్డం నిండా మట్టి.

"గెలిచాం గాబట్టే ఏడుస్తున్నాను. ఓడిపోయుంటే నీ ముఖం చూసేదాన్ని కాదు," అంది హైమ. గుండెల మీద నుంచి బండ దించినట్టుంది ఆమెకు.

సాయంత్రం బస్సులో హైమ ఇందుమతి మేడమ్ సీటు దగ్గరకు వెళ్ళింది. చెవి పట్టుకున్న సంగతి, ఉప్మా దగ్గర మాట్లాడుకున్న సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. మేడమ్ ముఖం ఎర్రబడింది. కప్పు పోయుంటే నిన్ను బొబ్బిలిలోనే వదిలేసి వచ్చేదాన్ని అంది. పాలకొండ వచ్చేదాకా తిట్టడానికి ఆమె దగ్గర మాటలున్నాయి గానీ, హైమ మధ్యలో ఒక కోరిక కోరింది.

"మేడమ్, స్కోరు పుస్తకం ఒకసారి ఇస్తారా?"

"ఇంకా నీ లెక్కేనా?"

"కాదు మేడమ్. తవిటిది."

మేడమ్ ఆమె వైపు ఒకసారి చూసి పుస్తకం తీసి ఇచ్చింది. ఇందుమతి మేడమ్‌కి ఒక అలవాటు ఉంది. ఎవరు ఎవరిని పట్టారో, ఆ పట్టుకు బయట కూర్చున్న వాళ్ళలో ఎవరు లేచి వచ్చారో కూడా ఎర్ర పెన్సిలుతో పక్కన రాసేది. ఏడాది పొడుగునా ఆ పుస్తకంలో తన పేరు మాత్రమే వెతుక్కున్న హైమ ఆ ఎర్ర అక్షరాలు ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చదివింది.

ఆ ఏడాది తవిటమ్మ పట్టినవి తొంభై ఒకటి. హైమ ఔటై బయట కూర్చున్నది యాభై రెండు సార్లు. అందులో ముప్పై ఏడు సార్లు ఆమె లేచి వచ్చింది తవిటమ్మ పట్టు వల్లే. ఆమె మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టింది. లెక్కలో తప్పేమీ లేదు. నూట నలభై మూడూ తన కాళ్ళతోనే తెచ్చాననుకుంది ఇన్నాళ్ళూ. ఆ కాళ్ళను ముప్పై ఏడు సార్లు లేపి నిలబెట్టిన చేతుల్నే ఈ పొద్దున ఆపమని అడిగింది. ఆమె పుస్తకం మూసి తవిటమ్మ వైపు చూసింది. ఆ మహాతల్లి కప్పును ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతోంది.

వారం తర్వాత పెయింటరు వచ్చాడు. పై వరస జోలికి వెళ్ళే పని అతనికి లేకపోయింది. నూట నలభై మూడుకు నూట నలభై మూడు సమానం, కనకమహాలక్ష్మి పేరు చెక్కు చెదరలేదు. కానీ బోర్డు అడుగున ఖాళీగా ఉన్న చోట కొత్త వరస ఒకటి రాయాలని హైమ ప్రిన్సిపాల్ దాకా వెళ్ళి ఒప్పించి వచ్చింది. "ఒక ఏడాదిలో ఎక్కువ పట్లు, తవిటమ్మ, 91." చెరపడానికి పాత పేరు లేదు గనక, ఆనవాయితీ తప్పకుండా ఆ ఖాళీ మీదే తవిటమ్మ చేత పచ్చ రంగు పూయించారు. హైమ రంగు డబ్బా పట్టుకుని పక్కన నిలబడింది.

"మరి నీ పేరేదే?" అంది తవిటమ్మ కుంచె డబ్బాలో ముంచుతూ.

"సమానమైతే పాత పేరే. ఆవిడ్ని ఉండనీ. ఆవిడ్ని ఎవరు లేపారో అదీ ఎవరూ రాయలేదు, పాపం."

"దోమల్ని తోలే పని మరి నీకుండదు గదా ఇంక," అంది తవిటమ్మ. హైమ కుంచె లాక్కుని ఆమె ముక్కు మీద పచ్చ చుక్క పెట్టింది.

జూన్‌లో తవిటమ్మకు శిక్షణలో సీటు వచ్చింది. పలాసలో ఆమె కోసం వేయిస్తానన్న పీట ఖాళీగానే ఉండిపోయింది. ఆ కబురు ఆమె ఫోనులో హైమకు చెప్పింది. అది విని హైమ, "బతికించావే, తవిటీ," అంది.

నీతి: మన పేరు పక్కన పడే ప్రతి పాయింటు వెనకా మనల్ని లేపి నిలబెట్టిన చెయ్యి ఒకటి ఉంటుంది, సొంత లెక్క పెంచుకోవడం కోసం ఆ చేతిని ఎన్నడూ ఆపకూడదు.